రెండిళ్ళలో ఒకే వల

మిర్బాత్, ఒమాన్
శుక్రవారం పగలు

అప్ప పైడమ్మకి,

నీ తమ్ముడు దండాసి నీ కాళ్ళకు మొక్కి రాసేది. నేను బాగున్నాను. ఈ మాట ముందే రాసేస్తున్నాను, లేకపోతే ఉత్తరం చూడగానే నాకేమయిందోనని గుండె పట్టుకుని కూర్చుంటావు. జ్వరం లేదు, దెబ్బ తగల్లేదు, పని పోలేదు. అక్కడ నువ్వు, బావ, నా మేనకోడలు సుజాత ఎలా ఉన్నారు? నీ మోకాలు ఎలా ఉంది? చేపల గంప దించేటప్పుడు ఎవరినైనా సాయం పిలవమన్నాను. నువ్వు పిలవవని నాకు తెలుసు, అయినా మళ్ళీ చెప్తున్నాను.

రోజు విడిచి రోజు ఫోనులో మాట్లాడుకునేవాళ్ళకి ఉత్తరం దేనికి అంటావు. మన ఇంట్లో ఫోను సంగతి తెలిసిందే కదా. స్పీకరు పెట్టకపోతే బావకి వినపడదు, స్పీకరు పెడితే వీధంతా మన గుమ్మంలోనే ఉంటుంది. నేను చెప్పబోయేది నువ్వొక్కదానివే వినాల్సిన మాట. బావకి చదువు రాదు, సుజాతకి మన ఒడిశా బళ్ళో నేర్పిన ఒడియా తప్ప చదవడం రాదు. నాన్న పట్టుబట్టి మనిద్దరికీ తెలుగు అక్షరాలు దిద్దించింది ఇందుకేనేమో అనిపిస్తోంది. ఇక్కడ కరెంటు పని చేసే మన పక్కూరు గిరిసోల ఆయన ఒకరు సెలవు మీద ఇంటికి వెళ్తున్నారు, ఆయన చేత పంపుతున్నాను. ఉత్తరంతో పాటు ఖర్జూరం, ఒక పొట్లం సాంబ్రాణి ఉన్నాయి. ఇక్కడి కొండల మీద చెట్టుకి గాటు పెడితే కారిన సాంబ్రాణి ఇది. గంగమ్మ దగ్గర ఒక్క పలుకు వెయ్యి, చాలు. బావ సిగరెట్టు వాసన పోవడానికి వాడెయ్యకండి.

ఇక నువ్వు పోయిన వారం అడిగిన సంగతి. ఈసారి పంచాయితీ ఎన్నికల్లో మన వార్డు ఆడవాళ్ళకి వచ్చిందన్నావు. మన జెండా వాళ్ళు నిన్ను నిలబడమంటున్నారన్నావు. బావ అయితే అప్పుడే గెలిచినట్టు మీసం తిప్పుతున్నాడన్నావు. "నువ్వు ఊఁ అంటేనే నామినేసను ఏస్తాను తమ్ముడా" అన్నావు. వెనక వీధంతా ఊపిరి బిగపట్టి వింటోంది. నేను సిగ్నలు లేదని పెట్టేశాను. సిగ్నలు నిక్షేపంలా ఉంది అప్పా, నా నోట్లోనే మాట లేదు.

పెట్టేసేముందు నువ్వు గొంతు తగ్గించి ఒక మాట అన్నావు. "మెంబర్నయితే నా మాట ఇంటారు గదా, ఆ వల కలిపేస్తాను." అన్నీ వదిలేసి ఆ ఒక్క మాటే పట్టుకుని తిరుగుతున్నాను ఇన్ని రోజులూ.

ఇక్కడ ఇప్పుడు మంచు కాలం. అరబ్బు దేశమంటే ఇసక, ఎండ, చెమట అనుకుంటాం కదా, నేనూ అలాగే అనుకుని వచ్చాను. ఈ మూల మాత్రం మన దగ్గర వానలు పడే రోజుల్లో సముద్రం మీంచి పొగలాంటి మంచు వచ్చి కూర్చుంటుంది. వాన పడదు, అలాగని ఆరదు. ఒళ్ళంతా సన్నగా తడుస్తూ ఉంటుంది. బోడి కొండలు పచ్చగా అయిపోతాయి. సలాలా పట్నం వెళ్ళే దారి పక్కన కొబ్బరి బోండాలు, అరటి గెలలు కట్టిన బడ్డీలు వరసగా ఉంటాయి. మొదటిసారి చూసినప్పుడు మన ఛత్రపురం దాటుతున్నామనుకుని బస్సులో లేచి నిలబడ్డాను. డ్రైవరు ఏమైందని అడిగాడు. ఏం చెప్తాను, కూర్చున్నాను.

సముద్రం ఈ నెలల్లో పోటు మీద ఉంటుంది. పడవలు ఒడ్డెక్కించేశారు, ఐసు గోడౌనులో పని సగం అయింది. పొద్దున్నే ఒడ్డు మీదికి వెళ్తే హోరు వినిపిస్తుంది గాని నీళ్ళు కనపడవు. ఆ తెల్లటి దాంట్లో నిలబడితే నేను ఏ దేశంలో ఉన్నానో నాకే తెలియదు. మొన్న ఒక రోజు నిజంగా మన రేవులో తాడు లాగుతున్న కేకలు వినపడ్డాయి అప్పా. పెద్దవాళ్ళ గొంతులు, ఆడవాళ్ళ గొంతులు. మొగలి పొదల వాసన కూడా వచ్చింది. పరుగులాంటి నడకతో అటు వెళ్ళాను. చూస్తే ఒంటెలు. నాలుగైదు ఒంటెలు దారికి అడ్డంగా నిలబడి, తడిసిన మొహాలతో నన్నే చూస్తున్నాయి. వాటిని అదిలించడానికి కూడా నాకు చేతులు రాలేదు, కాసేపు అక్కడే వాటితో పాటు నిలబడిపోయాను.

మన పెద్దవల సంగతి నీకు తెలియంది కాదు. కాని సుజాత అప్పటికి చిన్నది, ఎప్పుడైనా దానికి చెప్తావని రాస్తున్నాను. రెండు పక్కలా రెండు రెక్కలు, నడుమ సంచి, రెక్కల చివర తాళ్ళు. పడవలో తీసుకెళ్ళి నీళ్ళలో వంపుగా వేసి వస్తే, ఒడ్డున ఊరంతా రెండు జట్లయి తాడు లాగేవాళ్ళం. తాడు మీద చెయ్యేసిన ప్రతి మనిషికీ వాటా. బలం ఎంత పెట్టావని ఎవరూ అడగరు. మొగుడు పోయినవాళ్ళు, నడుం వంగినవాళ్ళు వచ్చి ఊరికే చెయ్యి ఆనించినా నాన్న వాళ్ళ గంపలో చేప వేసేవాడు. "చెయ్యేసింది గదరా, ఇంకేటి కావాల" అనేవాడు. ఆ పూటకి వాళ్ళ ఇంట్లో పొయ్యి వెలిగేది.

నాన్న పోయాక జెండాలు వచ్చాయి. అంతకుముందూ ఉన్నాయి గాని ఇంటి కప్పుల మీదే ఉండేవి, తరవాత మనుషుల్లోకి దిగాయి. ఈ జెండా ఉన్నవాడు పట్టిన తాడు ఆ జెండా ఉన్నవాడు పట్టడు. చివరికి పంచాయితీ పెట్టి వలనే పంచేశారు. సంచి ఖరీదు ఒక పక్క, రెక్కల ఖరీదు ఒక పక్క వేసి, రెండూ సమానమని తేల్చి, సంచి మన వాళ్ళకి, రెక్కలు వాళ్ళకి ఇచ్చారు. బాగా న్యాయంగా జరిగిందని అందరూ మెచ్చుకున్నారు కూడా. సంచి లేకుండా రెక్కలు దేనికి, రెక్కలు లేకుండా సంచి దేనికి అని అక్కడ ఒక్క మనిషి అడగలేదు. పుట్టిన దగ్గర్నుంచి నీళ్ళలో బతికినవాళ్ళం. మనం తప్ప ఇంకెవరూ ఇంత తెలివైన పని చెయ్యలేరు. ఆ సంచి మన నాన్న సామాను గదిలోకి వచ్చింది, తాళం చెవి నీ బొడ్లోకి వచ్చింది. రెక్కలు వీధి చివర కామయ్య ఇంటికి వెళ్ళాయి.

నేను జెండాని ఎంత నమ్మానో నీకు తెలుసు. బరంపురం సభలకి లారీలో నిలబడి వెళ్ళినవాణ్ణి. పడవలు ఆపుకోవడానికి జెట్టీ కడతారని ఇంటింటికీ తిరిగి చెప్పినవాణ్ణి. వాళ్ళు శంకుస్థాపన రాయి వేశారు, సముద్రం తీసుకుపోయింది. ఇంకాస్త వెనక్కి జరిపి ఇంకో రాయి వేశారు. దాని నీడలో కుక్కలు పడుకుంటున్నాయి. అయినా నేను నమ్ముతూనే ఉన్నాను.

ఆ పెళ్ళి సంగతి నీకు సగమే చెప్పాను. బరంపురంలో పెద్దింటి పెళ్ళికి షావుకారు చందువలూ రొయ్యలూ పంపమన్నాడు, నేను వంటశాల గుమ్మం దగ్గర దించుతున్నాను. లోపల సోఫాలో మన నాయకుడు, వాళ్ళ నాయకుడు ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని కూర్చున్నారు. మన వాడు కిళ్ళీ వాళ్ళ వాడి నోట్లో పెడుతున్నాడు. ఇద్దరూ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుతున్నారు. ఊళ్ళో మనమేమో కామయ్య తల్లి చనిపోతే మన జెండా ఇళ్ళ నుంచి ఒక్కరం కదల్లేదు. ఆమె మనిద్దరికీ చిన్నప్పుడు గంజి పోసిన మనిషి. నాకు అక్కడ కోపం రాలేదు, నవ్వొచ్చింది. బస్సెక్కేదాకా నవ్వుకుంటూనే ఉన్నాను. బస్సు కదిలాక ఏడుపొచ్చింది. ఆ నెల తిరక్కుండానే ఈ దేశం కాగితాలకి పెట్టాను. అందరూ డబ్బు కోసం అనుకున్నారు, నేనూ అదే చెప్పాను.

ఇక్కడికి వచ్చాక హాయిగా ఉంది అని చెప్పాలనుంది. ఉంది కూడా. ఇక్కడ నన్ను ఎవరూ ఓటు అడగరు. ఊరి వాట్సాపు గ్రూపు మూసేశాను. మా గదిలో వంట చేసే రఫీక్‌ది బంగ్లాదేశ్, వాడూ వాళ్ళ ఊరి జెండాల మీద విసిగి వచ్చినవాడే. ఇద్దరం ఒక్క ముక్క రాజకీయం మాట్లాడుకోకుండా చేపల పులుసు తింటాం. వాడు ఆవాలు నూరి వేస్తాడు, నాకు మన ఒడియా వాళ్ళ వంట గుర్తొస్తుంది. బాగానే ఉంటుంది. కాని పొకాళొ చద్దన్నంలో నంచుకోవడానికి బరంపురం అప్పడం ఉంటే ఇంకా బాగుంటుంది. గిరిసోల ఆయన తిరిగొచ్చేటప్పుడు ఒక కట్ట అప్పడాలు, కాసిన్ని ఎండు నెత్తళ్ళు ఇచ్చి పంపు. చేపల గోడౌనులో పని చేసేవాడికి నెత్తళ్ళేమిటని నవ్వకు. మన ఇసక మీద ఎండినవి వేరు.

ఇప్పుడు అసలు కబురు. ఈ మంచు మొదలైన కొత్తలో గోడౌనుకి కొత్త మనిషి వచ్చాడు. "మీ ఊరివాడేనట, నీ గదిలోనే వేశాను, సంతోషమా" అన్నాడు మేస్త్రీ. తలుపు తీసి చూద్దును కదా, పెట్టె పట్టుకుని కామయ్య నిలబడి ఉన్నాడు. వీధి చివర కామయ్యే. నాతో ఈత నేర్చుకున్నవాడు, తరవాత అవతలి జెండా పట్టుకున్నవాడు. ఇన్ని దేశాలుండగా వాడికి ఇదే దొరికింది. నా మొహం ఎలా ఉందో తెలీదు గాని వాడి మొహం మాత్రం చూసి తీరాలి.

మాట్లాడుకోలేదు. పక్కపక్క మంచాలు, నడుమ రఫీక్. ఫ్యాను తగ్గించమని రఫీక్‌కి హిందీలో చెప్పేవాణ్ణి, వాడు కామయ్యకి చెప్పేవాడు. కామయ్య ఉప్పు ఎక్కువైందని రఫీక్‌కి చెప్పేవాడు, నిజానికి ఆ రోజు వండింది నేను. "మీ ఇద్దరిదీ ఒకే ఊరు, ఒకే భాష, మధ్యలో నన్నెందుకు చంపుతారు" అని రఫీక్ ఒక రోజు అన్నం పళ్ళెం తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు. అప్పుడు గదిలో మేమిద్దరమే మిగిలాం. అయినా మాట్లాడుకోలేదు. మన ఊరి పట్టుదల, ఎక్కడికి పోతుంది.

పని తక్కువగా ఉందని మా అర్బాబు, అంటే ఇక్కడి యజమాని, మంగళవారం చిరిగిన వల ఒకటి బాగుచెయ్యమని బయట వేయించాడు. కవ్వళ్ళ చేపలు పట్టే వల, చాలా పెద్దది. ఒక చివర నన్ను, రెండో చివర వాణ్ణి కూర్చోబెట్టాడు. ఆ మంచులో వాడు నాకు కనపడడు, నేను వాడికి కనపడను. వల మాత్రం కదులుతూ ఉంటుంది. వాడు ముడి బిగించినప్పుడల్లా నా చేతిలో దారం ఒకసారి ఇలా లాగినట్టయ్యేది. అది మన రేవు ముడి అప్పా, రెండు చుట్లు వేసి కింద నుంచి తీసే ముడి. ఇక్కడ ఇంకెవరూ అలా వెయ్యరు. చూడకుండానే తెలిసిపోతుంది. సాయంత్రానికి ఇద్దరం నడుమకి వచ్చేశాం. మోకాలికి మోకాలు తగిలేంత దగ్గర. తల ఎత్తకుండానే వాడు అన్నాడు.

"సంచి ఎలకలు కొట్టీనాయేటి?"

ఇన్నేళ్ళ తరవాత మొదటి మాట ఇది. బాగున్నావా లేదు, నీ సంగతేమిటి లేదు.

"నేదు. మా అప్ప ఏపాకేసి కట్టింది. పండగ పండగకీ మారుస్తాది" అన్నాను.

వాడు దారం కొరికాడు. "రెక్కలు మా ఇంటిది లచ్చమ్మ ఎండలో ఏస్తాది, వానలు ఎలిపోగానే. మడత పెట్టినప్పుడు నాను పక్కనుంటే తిడతాది, మడత సరిగ్గా పట్టనేదని. ఏం సేసుకుంటావే ఈటిని, పొయ్యిలో ఎట్టు అన్నాను ఓపాలి. వారం మాటాడనేదు."

నాకు తెలీదు ఈ సంగతి. నీకూ తెలియదనుకుంటాను. నువ్వు ఆ గదిలో దీపం పెట్టి వేపాకు మారుస్తుంటే, వీధి చివర ఆమె రెక్కలు ఆరబోస్తోంది. ఒకరికి తెలియకుండా ఒకరు, పనికిరాని సగాలని చంటిపిల్లల్లా చూసుకుంటున్నారు. మగవాళ్ళం మాత్రం జెండాలు మోసి మోసి ఇక్కడికొచ్చి అరబ్బు వల కుడుతున్నాం.

తరవాత వాడే చెప్పాడు. "మా ఓళ్ళు లచ్చమ్మని నిలబెడతన్నారు రా. మీయప్ప మీద." వాడికి ముందు రోజే ఇంటి నుంచి ఫోను వచ్చిందట. "అదేటన్నాదో తెలుసా? గెలిస్తే వల కలిపీమని అడుగుతానన్నాది. నీకు పిచ్చేటే అన్నాను."

నేను నవ్వాను అప్పా. చాలా సేపు నవ్వాను, వాడూ నవ్వాడు, అర్బాబు వచ్చి ఏమైందని చూశాడు. నువ్వన్న మాటే ఆమె నోట్లోంచి వచ్చిందని నేను వాడికి చెప్పలేదు. అది నీ మాట, నీ దగ్గరే ఉండాలి.

అప్పటి నుంచి మాట్లాడుకుంటున్నాం. ఎక్కువేం కాదు. నీళ్ళ చల్లదనం, మన మార్కండి ఒడ్డున ఇప్పుడు ఏం పడుతూ ఉంటుంది, వాళ్ళమ్మ పోసిన గంజి. రఫీక్ మాత్రం "ఇప్పుడు మీ భాషలో గోల తట్టుకోలేకపోతున్నాను" అంటున్నాడు.

ఇంత చూసి నాకు జెండా మీద నమ్మకం తిరిగొచ్చిందనుకోకు. రాలేదు, రాదు. అందుకే చెప్తున్నాను, విను. నువ్వు గెలిచాక వల కలుపుతానంటున్నావు. లచ్చమ్మా గెలిచాకే అంటోంది. ఇద్దరిలో ఒకరే గెలుస్తారు. గెలిచినవాళ్ళ చుట్టూ అప్పటికే జెండా వాళ్ళు చేరి ఉంటారు, ఓడినవాళ్ళ ఇంట్లో మొహాలు మాడి ఉంటాయి. అప్పుడు నువ్వు గెలిచి సంచి ఇస్తే దయ చూపించావంటారు. ఓడి ఇస్తే భయపడ్డావంటారు. ఆ వల ఇంకో ఎన్నికల దాకా అలాగే ఉంటుంది.

కనక ఇప్పుడే ఇచ్చెయ్యి. నామినేషను వెయ్యకముందే. నాన్న గది తాళం తీసి, ఆ సంచి నెత్తిన పెట్టుకుని, పగటి పూట, వీధి నడుమ నుంచి నడిచి లచ్చమ్మ ఇంటికి వెళ్ళు. గంప మోసే తలే కదా, బరువనిపించదు. ఆమె గుమ్మంలో దించి, కూర్చుని, కుట్టడం మొదలుపెట్టండి. ఎవరైనా అడిగితే చిరిగింది కుడుతున్నామని చెప్పు. నిలబడడం నిలబడకపోవడం తరవాత నీ ఇష్టం. నేను వద్దనను. "ఊఁ" అనమన్నావు, అంటున్నాను. ఊఁ.

దీనివల్ల ఏమవుతుందో కూడా దాచకుండా చెప్తాను. మన జెండా వాళ్ళు నిన్ను వదిలేస్తారు. ద్రోహం చేశావంటారు. ఇంటికొచ్చి మాట్లాడేవాళ్ళు వీధిలో మొహం తిప్పుకుంటారు. బావ మీసం దింపుకుని ఒక పూట అలుగుతాడు, ఆకలేసి మళ్ళీ తింటాడు, ఆయన గురించి బెంగ లేదు. బెంగల్లా నీ గురించే. ఆ తిప్పుకున్న మొహాలు నేను చూసినవే. నేను తట్టుకోలేక ఇంత దూరం వచ్చేశాను. నువ్వు అక్కడే ఉండాలి, అదే వీధిలో, అదే గంపతో. నాకంటే గట్టిదానివని తెలుసు కాబట్టే అడుగుతున్నాను. తెలిసినా భయంగానే ఉంది.

ఇది రాస్తున్నట్టు కామయ్యకి చెప్పలేదు. చెప్తే వాడు లచ్చమ్మకి చెప్తాడు, ఇచ్చిపుచ్చుకునే బేరం అయిపోతుంది. నువ్వు ఆ గుమ్మంలోకి వెళ్ళేసరికి ఆమెకి ఏమీ తెలిసి ఉండకూడదు.

నన్ను దీవించు. కామయ్యని కూడా, మనసులోనే. బావకి దణ్ణాలు, సుజాతకి ముద్దులు. గంగమ్మకి నా తరఫున ఒక కొబ్బరికాయ కొట్టు. వీధిలో పెద్దలందరికీ, రెండు జెండాల వాళ్ళకీ, దండాసి అడిగానన్నాడని చెప్పు.

నిలబడితే ఓడిపోతావు అప్పా. వల మాత్రం నీళ్ళలో పడుతుంది.

నీ తోడబుట్టినవాడు,
దండాసి